బాబాయ్ షెడ్డులో మందు సీసా

మా బాబాయ్‌కి నూజివీడు వైపు బ్రాయిలర్ షెడ్డు ఉంది. కోడిపిల్లలు, మేత, మందులు కంపెనీవే. పెంచినందుకు కిలోకి ఇంత అని ఆయనకిస్తారు. మొన్న వెళ్తే నీళ్ల ట్యాంకు పక్కన ఖాళీ సీసా కనబడింది. ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పని కదా, చూపు లేబుల్ మీదికే పోయింది. ఎన్రోఫ్లాక్సాసిన్, పశువులకు, కోళ్లకు వాడే యాంటీబయాటిక్.

"పిల్లలకి గురక పట్టిందమ్మా. నీళ్లలో కలపమన్నారు, కలిపాం" అన్నాడు.

ఈ మందు కోడి ఒంట్లో కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది. విరేచనాలంటే చాలు, మెడికల్ షాపులో చీటీ అడక్కుండా చేతిలో పెట్టే సిప్రో అదే.

కోడి పేగుల్లో క్యాంపైలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. కోడికి మామూలుగా ఏమీ చెయ్యదు. మనకైతే జ్వరం, కడుపునొప్పి, ఒక్కోసారి రక్త విరేచనాలు. కోడికి ఈ మందు పోస్తే, దానికి లొంగని రకం మిగిలి మాంసంతో మన దాకా రావచ్చు. ల్యాబ్‌లో పెంచాలంటే 42 డిగ్రీల వేడి కావాలి, ఆక్సిజన్ తక్కువుండాలి. ఇంత తంటా ఎవరు పడతారు? మన దగ్గర చాలా ల్యాబులు దాన్ని వెతకనే వెతకవు.

అమెరికాలోని మిన్నెసోటాలో వెతికారు. రోగుల దగ్గర దొరికిన ఈ బ్యాక్టీరియాలో క్వినోలోన్ మందులకు (సిప్రో, ఎన్రోఫ్లాక్సాసిన్ ఈ కుటుంబానివే) లొంగనివి 1992లో 1.3 శాతం, 1998లో 10.2 శాతం. విదేశాలకు వెళ్లి తెచ్చుకున్నవాళ్లు చాలామందే. కానీ ఊరు కదలనివాళ్లలోనూ పెరిగింది. 1997లో అక్కడి దుకాణాల్లో కొన్న 91 చికెన్ శాంపిళ్లలో 14 శాతంలో సిప్రోకి లొంగని రకం దొరికింది. కోళ్లకు ఎన్రోఫ్లాక్సాసిన్ ఆపాలని 2000లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అంటే, ఆ మందు తయారుచేసే బేయర్ కంపెనీ వాదనకు దిగింది. నిషేధం వచ్చేసరికి 2005.

నాకు అసలు టెన్షన్ పెట్టేది ఆ తర్వాతి సంగతి. మందు ఆపినా ఆ రకం పోలేదు. జన్యువులో ఒక్క చిన్న మార్పు చాలు దానికి. ఆ మార్పున్న క్యాంపైలోబ్యాక్టర్ మందు లేకపోయినా కోడి పేగుల్లో మామూలుదానితో పోటీపడి నెగ్గగలదని ప్రయోగాల్లో తేలింది. మన దేశం 2019లో పశువులకు, కోళ్లకు కొలిస్టిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ వాడకం నిషేధించింది. మంచిదే. ఎన్రోఫ్లాక్సాసిన్ సీసా మాత్రం ఇదిగో, ట్యాంకు పక్కనే.

ఇదంతా చెబితే బాబాయ్ విసుక్కున్నాడు. "ఆపితే పిల్లలు చస్తాయి. చస్తే నాకొచ్చేదాంట్లో కోత. ఆ లెక్కలేవో కంపెనీ డాక్టరుకి చెప్పుకో."

కాదనలేకపోయాను. మందు ఎంచుకునేది ఆయన కాదు.

వంటింట్లో పిన్ని చికెన్ కోసిన కత్తిపీట మీదే ఉల్లిపాయ చక్రాలు కోయబోతోంది. ఆపి, సబ్బుతో కడిగిచ్చాను. కూర ఎలాగూ ఉడుకుతుంది, ఉల్లిపాయ పచ్చిగానే తింటాం కదా.