ఆది జాకెట్టు

రెండో శనివారం. రాత్రి పదిన్నర.

బ్యాంకు సెలవు కదా అని పొద్దున లేవగానే ఒక పిచ్చిపని చేశాను. మాఘంలో వదినగారి అమ్మాయి పెళ్ళి, విజయనగరంలో. పట్టుచీర మీది జాకెట్టు పడుతుందో లేదో చూద్దామని బీరువాలోంచి తీసి చెయ్యి దూర్చాను. మోచెయ్యి దాటింది. ఆ పైన ఆగిపోయింది. కాస్త లాగితే చంక దగ్గర కుట్టు టప్‌మంది. తల తిప్పేసరికి గుమ్మంలో అత్తయ్య. ఎవరూ చూడకపోతే బాగుండుననుకునే ఘడియలన్నీ ఆవిడకి ఎలా తెలుస్తాయో మరి.

"నేను చెప్పలేదేటి? ఆ ఇనుపముక్కలెత్తితే చేతులు మొగాళ్ళకి మల్లే అయిపోతాయని."

జవాబు చెప్పలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడు నేనూ అదే అనుకుంటున్నాను. ఎనిమిది నెలలుగా ఆఫీసులో, బీచ్‌లో, చుట్టాలిళ్ళల్లో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ "ఆడవాళ్ళు బరువులెత్తితే కండలు తిరిగిపోవండీ" అని పాఠం చెప్పినదాన్ని, చంక దగ్గర చిరిగిన జాకెట్టుతో ఒంటిచేత్తో నిలబడ్డాను.

అసలు ఇందులోకి వచ్చింది షుగరు భయంతో. మూడు నెలల సగటు చూపించే పరీక్షలో 6.2 వచ్చింది. 6.5 అయితే జబ్బు కింద లెక్క. నేను రోజూ నడుస్తాను కదండీ అన్నాను డాక్టరుగారితో, కొంచెం గర్వంగానే. మూడేళ్ళ నుంచి తెల్లవారుజామున విశాఖ బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేసే వేళకి స్కూటీ మీద వెళ్ళి, కోస్టల్ బ్యాటరీ నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడిచి, తిరిగొచ్చి నలుగురం కలిసి ఇడ్లీ తింటాం. ఇడ్లీ సంగతి డాక్టరుగారికి చెప్పలేదు. నడక మంచిదే, మానకండి, కానీ తిన్న చక్కెరలో ఎక్కువ భాగం లాక్కునేది కండే, వయసుతో పాటు అదే తరిగిపోతుంది, వారానికి కనీసం రెండు రోజులు బరువులతో పని చెయ్యండి అన్నారాయన. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఆ రెండు రోజులేనట.

బీచ్ స్నేహితురాళ్ళకి చెబితే ముగ్గురికి ముగ్గురూ ఒకే మాటన్నారు. "బల్కీ అయిపోతారు, జాగ్రత్త." బల్కీ అన్న మాటకి తెలుగు లేదు మరి. లావు అంటే వేరు, బొద్దు అంటే ముద్దు. బల్కీ అంటే ఆడదాని ఒంటికి అక్కర్లేని గట్టిదనం అని మా వాళ్ళ అర్థం. మనలో ఎవ్వరికీ నడుం చుట్టూ పేరుకున్న దానితో ఇంత భయం లేదు, అదేమిటో.

ఏడు గంటలకి జిమ్ముకి వెళ్ళాను. ఎం.వి.పి. కాలనీలో మందుల షాపు పైన, రెండు గదులు, మూడు అద్దాలు. నేర్పించే అమ్మాయిది నెల్లిమర్ల వైపు. స్కూల్లో ఉండగానే వెయిట్‌లిఫ్టింగ్‌లో పడింది. వాళ్ళ పక్క కొండవెలగాడలో పిల్లలకి బారు, అదే బరువులు తగిలించే ఇనుపకడ్డీ, పట్టుకోవడం సైకిల్ నేర్చుకున్నంత మామూలట. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. మాకు నేర్పించే అమ్మాయి మాత్రం చూడ్డానికి పక్కింటి ఇంటర్ పిల్లలా ఉంటుంది. చున్నీ వేసుకుని బస్సెక్కితే నేను ఊపిరి బిగబట్టి ఎత్తేదాన్ని ఈ పిల్ల మాట్లాడుతూ ఎత్తుతుందని ఎవరూ అనుకోరు.

జాకెట్టు కథ చెప్పాను. నవ్వి, నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మేడం, నేను పోటీల్లో పై బరువు కేటగిరీకి వెళ్దామని ఒక ఏడాదంతా రోజుకి ఆరు గుడ్లు, లీటరు పాలు, డజను అరటిపళ్ళు తిని పొద్దునా సాయంత్రం ఎత్తాను. పెరిగింది రెండు కిలోలు. అంత కష్టపడ్డా నాకు రానిది, వారానికి మూడు రోజులొచ్చే మీకు ఊరికే వచ్చేస్తుందా?"

ఈ లెక్క నాకు కొత్తేమీ కాదు. కండ బాగా ఉబ్బడానికి ముఖ్యంగా కావలసింది టెస్టోస్టిరాన్ అనే హార్మోను. మగవాళ్ళ రక్తంలో అది డెసిలీటరుకి సుమారు 300 నుంచి 1000 నానోగ్రాముల దాకా ఉంటుంది, ఆడవాళ్ళలో 15 నుంచి 70 వరకు. మొదటి రెండు నెలల్లో నా బలం పెరిగిందంటే అది చాలావరకు కండ పెరిగి కాదు, ఉన్న కండని వాడుకోవడం నరాలు నేర్చుకున్నాయి. వ్యాయామం అయ్యాక అద్దంలో చేతులు బండగా కనిపించేది రక్తం చేరి, కాసేపట్లో దిగిపోతుంది. మొదటి వారాల్లో నేను బెంబేలు పడింది దాన్ని చూసే. పత్రికల్లో కనిపించే ఆ బిగిసిన కండల ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి అదే పనిగా తిని, ఎత్తి, ఎండగట్టుకుని అలా అవుతారు, కొందరు మందులూ వాడతారు. ఇవన్నీ తెలుసు. తెలిసినా పొద్దున జాకెట్టు ఆగిపోయిన చోట నా చదువూ ఆగిపోయింది.

ఇవాళ డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీది బారు పట్టుకుని నిటారుగా లేవడం, 55 కిలోలు, ఐదుసార్లు. నాలుగోసారికే అరచేయి జారింది. మా జిమ్ములో ఉన్నది మగవాళ్ళ బారు, 20 కిలోలది, 28 మిల్లీమీటర్ల మందం. ఆడవాళ్ళది 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. ఒకటి తెప్పించండి అని నాలుగు నెలలుగా అడుగుతున్నాను, వచ్చేస్తుంది మేడం అంటున్నారు. మూడు మిల్లీమీటర్లేగా అనిపిస్తుంది కానీ నా వేళ్ళనడగాలి.

బారు కింద పెట్టి కూర్చున్నప్పుడల్లా నాకు 2000 సంవత్సరం సెప్టెంబరు గుర్తొస్తుంది. అప్పుడు ఇంటర్ మొదటి ఏడాది. సిడ్నీలో కరణం మల్లీశ్వరి 69 కిలోల ఒంటిబరువు విభాగంలో రెండు రకాల ఎత్తుళ్ళూ కలిపి మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్‌ని ఒలింపిక్స్‌లో పెట్టడమే ఆ ఏడాది మొదలు. మన దేశం నుంచి ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి ఆడది ఆవిడే. ఆవిడది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట, మా అమ్మమ్మగారి ఊరికి ఎంతో దూరం కాదు. నాన్న ఆ రోజు పేపరు చదవలేదు, పట్టుకుని వీధంతా తిరిగారు. మన పిల్ల, మన పిల్ల అని. అమ్మ ఫొటో చూసి, నా భుజం తడిమి, "నువ్వు చదువుకో చాలు" అంది. ఇద్దరిదీ ప్రేమే. నేను చదువుకున్నాను, బ్యాంకు పరీక్ష రాశాను, పదహారేళ్ళు కుర్చీలో కూర్చున్నాను.

తొమ్మిదికి ఇంటికొచ్చేసరికి మెట్ల మీద చేపలావిడ. పెదజాలారిపేట నుంచి వస్తుంది. మా ఇంట్లో శనివారం నీచు ముట్టం, అది ఆవిడకీ తెలుసు. అయినా నీళ్ళు తాగడానికి మా మెట్లే ఆవిడకి అలవాటు. తట్టలో కవళ్ళు, అడుగున రెండు కోనాం ముక్కలు.

"ఏటమ్మా, ఇలా చెమట్లు కారతన్నాయి?"

"జిమ్ముకెళ్ళొచ్చానమ్మా."

"అక్కడేటి చేస్తారు?"

"బరువులెత్తుతాం."

"ఎవల బరువులు?"

నాకు ఒక్క నిమిషం ఏం చెప్పాలో తోచలేదు. ఎవరివీ కావు, ఎత్తి మళ్ళీ అక్కడే పెట్టేస్తాం అన్నాను. డబ్బులిస్తారా అంది. లేదు, నేనే ఇస్తాను, నెలకి పన్నెండొందలు అన్నాను. ఇక చూడాలి నవ్వు. దగ్గొచ్చేదాకా నవ్వింది. "నాను మోస్తే నాకు డబ్బులొస్తాయి. నువ్వు మోస్తే నీ డబ్బులే పోతాయేటి!"

లేచి చుట్టకుదురు సర్దుకుని "ఒక చెయ్యెయ్యమ్మా" అంది. పోయినేడు ఈ మాటంటే వాచ్‌మన్‌ని కేకేసేదాన్ని. ఇవాళ మోకాళ్ళు వంచి, నడుం నిటారుగా పెట్టి, ఆ అమ్మాయి నేర్పినట్టే తట్టకి రెండు వైపులా పట్టుకుని లేపాను. పాతిక కిలోలకి తక్కువుండదు. ఆవిడ తల కిందకి జరిగింది, అంతే, వెళ్ళిపోయింది. వెనక నుంచి ఆ చేతులు చూశాను. నలభై ఏళ్ళుగా మోస్తున్న చేతులు, కొబ్బరితాడులా సన్నగా, పేనినట్టు. చూడు, మోసిన వాళ్ళందరూ బల్కీ అయితే ఈవిడేమవ్వాలి అని అత్తయ్యతో అందామని నోటిదాకా వచ్చింది. అనలేదు. చేపలావిడకి మెడ నొప్పి, మోకాళ్ళ నొప్పి, తిండి ఎంత తింటుందో తెలీదు. నాకు కష్టమైనప్పుడు నేను బారు కింద పెట్టేస్తాను, ఆవిడ తట్ట పెట్టలేదు. నా వాదన గెలవడానికి ఆవిడ చేతులు నాకెందుకు?

మధ్యాహ్నం వదినగారు ఫోన్ చేశారు. అత్తయ్య అప్పటికే చేరవేసినట్టున్నారు. పెళ్ళి ఫొటోలయ్యే వరకూ ఆ బరువులు ఆపెయ్యకూడదా అన్నారు, చాలా మెత్తగా. చూస్తాను వదినా అన్నాను. ఆపను.

సాయంత్రం నాలుగింటికి పట్టు జాకెట్టూ, ఆది జాకెట్టూ సంచిలో పెట్టుకుని పూర్ణా మార్కెట్ దగ్గర మా టైలరు మాస్టారి దగ్గరికెళ్ళాను. ఆ ఆది జాకెట్టు గులాబీరంగు కాటన్‌ది, 2021లో కుట్టించింది. ఆ తరవాత నా ఒంటి మీదికొచ్చిన ప్రతి జాకెట్టూ దాని కూతురే. మాస్టారు దాన్ని బల్ల మీద పరిచి టేపుతో కొలిచారు. వాళ్ళావిడ నన్ను కర్టెన్ వెనక్కి తీసుకెళ్ళి కొలిచి అంకెలు బయటికి కేకేసింది. మార్కెట్ మొత్తానికి వినపడి ఉంటుంది.

నడుము ఆది జాకెట్టులో 36, ఇప్పుడు 34. ఛాతీ 38 ఉండేది, 37½. భుజం పావు అంగుళం ఎక్కువ. చేతి లూజు 12½ ఉండేది, 13.

అంటే పెరిగింది. అత్తయ్య మాట పూర్తిగా అబద్ధం కాదు, నా పాఠం పూర్తిగా నిజం కాదు. కండలు తిరగలేదు కానీ చెయ్యి అరంగుళం పెరిగింది. బరువు కాటా మీద ఎనిమిది నెలల్లో తగ్గింది ఒక్క కిలో. 68 నుంచి 67. ఆ ఒక్క కిలో చూసి నెల నెలా ఏడుపు మొహం పెట్టుకునేదాన్ని. కొవ్వు కన్నా కండ చిక్కన, అదే బరువుకి తక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే కాటా కదలకపోయినా నడుము దిగింది. కాటాకి తెలియనిది టేపుకి తెలిసింది.

"పట్టుది ఇంట్లో ఉతికారా అమ్మా?" అన్నారు మాస్టారు, చిరిగిన చోట లోపలి బట్ట వేలితో రుద్దుతూ. ఉతికాను. "లైనింగ్ బిగిసింది. తడిపి కుట్టాల్సింది, అప్పుడు తొందరలో కుట్టేశాను." మూడేళ్ళ కిందటి తప్పు ఆయన అంత తేలిగ్గా ఒప్పుకుంటే పొద్దుట్నుంచి మోసిన టెన్షన్‌లో సగం దిగింది. మిగతా సగం నాదే. దాన్ని ఎవరి మీదా పెట్టలేను.

జగదాంబ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు లెక్కేశాను, బ్యాంకు బుద్ధి. చుట్టుకొలతలో అరంగుళం అంటే అడ్డంగా నాలుగు మిల్లీమీటర్లు. పెన్సిలు మందంలో సగం. దీనికా ఇంత గోల అనిపించింది. వెంటనే, ఒకవేళ రెండంగుళాలు పెరిగి ఉంటే మానేసేదాన్నా అనీ అనిపించింది. పచ్చలైటు పడింది, వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు.

దానికన్నా ముందు దుకాణంలో జరిగింది రాయాలి. మాస్టారు కొత్త కొలతలు పుస్తకంలో రాసుకుని, "ఈ ఆది ఇంక పనికిరాదమ్మా, నడుము దగ్గర వదులు, చేతుల దగ్గర బిగుతు" అన్నారు. పట్టుదానికి చేతులు విప్పి కొత్త లైనింగ్ వేస్తానన్నారు, పెళ్ళికి ఇంకో జాకెట్టు కొత్తగా కుట్టమన్నాను. "చేతుల్లో లోపల బట్ట ఎంత వదలమంటారు? మామూలుగా అరంగుళం వదులుతాను."

"ఒక అంగుళం వదలండి."

కళ్ళజోడు పైనుంచి చూశారు. ఏమీ అడగలేదు. రసీదు మీద రాశారు.

రాత్రి భోజనాలయ్యాక వంటింట్లో నీళ్ళ క్యాన్ అయిపోయింది. అత్తయ్య హాల్లో టీవీ చూస్తున్న కొడుకుని పిలవలేదు. నన్నే పిలిచారు. ఇరవై లీటర్ల క్యాన్, మూడో నెల నుంచి అది నా పనైపోయింది, ఎవరు ఎప్పుడు నిర్ణయించారో గుర్తులేదు. బోర్లించాక ఆవిడ నా చేతికేసి చూసి, "వాడికి నడుం పట్టేస్తాదమ్మా" అన్నారు.

ఆది జాకెట్టు సంచిలోంచి తీశాను. పాతగుడ్డల్లో పడేద్దామనుకుని, ఎందుకో మడతపెట్టి బీరువాలో చీరల అడుగున పెట్టాను.