మా అమ్మ జాడీలో డిల్ పికిల్

ఊరగాయల విషయంలో మా అమ్మకి ఉన్న మొదటి రూలు, తడి తగలకూడదు. జాడీ కడిగి ఎండలో పెట్టాలి, గరిటె తుడవాలి, చెయ్యి తుడుచుకోవాలి. చెయ్యి కడుక్కుని వెంటనే ఆవకాయ జాడీ వైపు చూసినా కేకలేస్తుంది. విజయనగరంలో ఆ వంటింట్లో నిలబడి మా పెద్దమ్మాయి లీటరు నీళ్ళు కాచి, చల్లార్చి, అందులో దోసకాయలు ముంచి ఊరగాయ పెడతానంది.

"ఏటే, నీళ్ళలో ఊరగాయేటి? రేపటికి బూజెక్కిపోతాది" అంది అమ్మ, నా వైపు తిరిగి. మనవరాల్ని తిట్టాల్సినవన్నీ నన్నే తిడుతుంది. అది మా ఇంటి పద్ధతి.

మేముండేది న్యూజెర్సీలో. డిల్ అనే ఆకో, దాని గింజలో వేసి ఊరబెట్టిన కీరదోసకాయే డిల్ పికిల్. అక్కడ పిల్లలకి శాండ్‌విచ్ పక్కన అదంటే మనకి ముద్దపప్పు పక్కన ఆవకాయే. అదీ వలస వచ్చిన సరుకే. 19వ శతాబ్దం చివర్లో పోలండ్, రష్యాల వైపు నుంచి వచ్చిన యూదు కుటుంబాలు న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్ వీధుల్లో చెక్క పీపాల్లో పెట్టి అమ్మేవారు. వెల్లుల్లి దట్టించి, వెనిగర్ చుక్క లేకుండా, ఒట్టి ఉప్పునీళ్ళలో పులియబెట్టినవి. కొద్దిరోజులే ఊరి ఇంకా పచ్చగా, కరకరలాడుతూ ఉంటే హాఫ్ సోర్. వారాల తరబడి ఊరి బాగా పులిస్తే ఫుల్ సోర్. మా అమ్మాయి హాఫ్ సోర్ పార్టీ.

అక్కడ మనవాళ్ళు ఎక్కడ కలిసినా ఒక పరీక్ష నడుస్తూ ఉంటుంది. ఎవరి పిల్లలు ఆవకాయ తింటారు, ఎవరి పిల్లలు మంచినీళ్ళ కోసం పరిగెడతారు అని. తింటే తెలుగుదనం నిలబడినట్టు, తినకపోతే ఆ తల్లి పెంపకం పోయినట్టు. నాకీ లెక్క ఎప్పుడూ నచ్చలేదు. కారం తినడం అలవాటు, అంతే. పదేళ్ళ పిల్ల నాలుక మీద సంస్కృతి భారమంతా పెట్టి, మింగు మింగు అంటే ఎలా? నాకు అంతకంటే పెద్ద బెంగ వేరే ఉంది. వారం వారం వీడియో కాల్‌లో "తిన్నావా బంగారం", "తిన్నాను అమ్మమ్మా" దగ్గరే ఇద్దరి మాటలూ ఆగిపోతున్నాయి. కలిసి చెయ్యడానికి ఒక పని ఉంటే తప్ప మాట సాగదు. పిల్లకి అమ్మమ్మ పనులు రావు. సరే, పిల్లకి వచ్చిన పనే అమ్మమ్మ వంటింట్లో చేయిద్దాం అనుకున్నాను.

సరుకుల దగ్గరే సగం రోజు పోయింది. డిల్ ఆకుని హైదరాబాద్‌లో సోయకూర అంటారు. మా రైతుబజార్లో ఆ పేరు చెబితే ఇద్దరు ముగ్గురు కొత్తిమీర కట్టలే చూపించారు. మేం తెచ్చుకున్న డిల్ గింజల పొట్లం ఉండబట్టి సరిపోయింది. అమ్మ నలిపి వాసన చూసి "వాము, సోంపు కలిపి దంచినట్టుంది" అంది. తప్పేం కాదు, అవన్నీ ఒకే కుటుంబం మొక్కలు. ఇంక కాయలు. పికిల్‌కి గెర్కిన్లనే పొట్టి గరుకు కాయలు కావాలి. ప్రపంచంలో వాటిని అత్యధికంగా ఎగుమతి చేసే దేశం మనదేనని 2022 జనవరిలో కేంద్ర వాణిజ్య శాఖ ప్రకటించింది. మన రాష్ట్రంలోనూ పండుతాయి. పండినవి సీసాలకెక్కి దేశం దాటిపోతాయి గానీ, మా బజారుకి మాత్రం రావు. గింజ ముదరని లేత కీరాలు ఏరుకొచ్చాం. ముదురువి అయితే లోపల గుల్లబారి మెత్తబడిపోతాయి.

ఉప్పు మటుకు అమ్మ దగ్గర ఉన్నదే మేలు. పొడి ఉప్పులో ఉండ కట్టకుండా కలిపే పదార్థాల వల్ల నీళ్ళు మసకబారతాయి. అమ్మ డబ్బాలో ఉన్నది కల్లుప్పు. శ్రీకాకుళం జిల్లా నౌపడా ఉప్పు మళ్ళు చూసిన మనిషి, ఇంకో ఉప్పుని ఉప్పుగా లెక్కెయ్యదు. ఆవిడ గుప్పెడు తీసింది. అమ్మాయి తూకం మిషన్ ముందుకు జరిపింది. లీటరుకి 45 గ్రాములు. "గుప్పిట్లో ఉన్నదానికి తూకమేటి?" అని అమ్మ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. చింతపల్లి బీచ్‌లో మొన్న నోట్లోకి పోయిన నీళ్ళకంటే కాస్త ఎక్కువ ఉప్పగా ఉండాలి అమ్మమ్మా అని పిల్ల వివరించింది. సరైన లెక్కే. సముద్రం నీళ్ళలో లీటరుకి 35 గ్రాముల దాకా ఉంటుంది.

కాయకి పువ్వు ఉండే కొసని సన్నగా కోసెయ్యాలి. కాయని మెత్తబరిచే ఎంజైములు అక్కడే ఉంటాయి. కరకర పోకుండా అమెరికాలో ద్రాక్షాకు వేస్తారు. వగరు ఉన్న ఏ ఆకైనా పనిచేస్తుందని చెబితే, అమ్మ పెరట్లోంచి రెండు జామాకులు కోసుకొచ్చింది. వెల్లుల్లి, ఆవాలు, మిరియాలు, డిల్ గింజలు, రెండు ఎండుమిరపకాయలు. ఆ మిరపకాయలు అమ్మ షరతు. జాడీలో కాయలు నిలువుగా పేర్చి, ఉప్పునీళ్ళు మునిగేదాకా పోసి, పైన సాసరు బోర్లించి, దాని మీద నీళ్ళ సీసా బరువు పెట్టాం. ఇందులో ప్రాణం అంతా ఆ బరువే. మునిగి ఉన్నంతవరకు భయం లేదు. పైకి తేలిన ముక్కకే బూజు పడుతుంది. గాలి పోయేలా అమ్మే గుడ్డతో వాసెన కట్టింది.

ఆవకాయని నూనె, ఉప్పు, ఆవపిండి కాపాడతాయి. దీన్ని పులుపే కాపాడుతుంది. దోసకాయ తొక్క మీద ముందే ఉన్న బ్యాక్టీరియా ఉప్పునీళ్ళలో పెరిగి, కాయలోని చక్కెరని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పాలు పెరుగయ్యేదీ ఇలాగే. ఈ పాఠం నేను చెప్పినప్పుడు అమ్మ వినలేదు. మర్నాడు వాసెన విప్పితే నీళ్ళు తెల్లగా మసకబారి, అంచుల వెంట సన్నగా బుడగలు. నేను అనుకున్నదే, పారబొయ్యమంటుందని. వంగి వాసన చూసింది. "తరవాణి వాసనే ఇది" అంది.

అక్కణ్ణుంచి జాడీ ఆవిడ చేతిలోకి పోయింది. పుట్టింట్లో తరవాణి కుండ ఎక్కడుండేదో, గంజి ఎలా పోసేవారో, ఎండాకాలం పొద్దున్నే ఆ పుల్లటి నీళ్ళతో అన్నం ఎలా తినేవారో, చోడి అంబలి ఎప్పుడు పులుస్తుందో, అన్నీ మనవరాలికి చెబుతోంది. పిల్ల ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తోంది. నేను పక్కన కూర్చుని వెల్లుల్లి పొట్టు ఏరుతున్నాను. జూలై ఉక్కకి తొందరగా పులిసిపోకుండా అమ్మ జాడీకి తడిబట్ట చుట్టి నీళ్ళ బిందె పక్కకి మార్చింది. న్యూజెర్సీ చలిలో వారం పట్టేది ఇక్కడ మూడో రోజుకే తయారు. సీసాల్లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టేశాం. బయట ఉంచితే పులుపు ముదిరిపోతుంది.

రుచి విషయంలో ఇల్లు రెండుగా చీలింది. మా చిన్నవాడు ఉత్తవే నమిలేశాడు. పక్కింటి పిన్నిగారు మర్యాదకి ఒక ముక్క తిని, "కారం తర్వాత కలుపుతారా అమ్మా?" అని అడిగారు. అమ్మ పెరుగన్నంలో నంజుకుని ఏమీ అనలేదు గానీ, సీసా అడుగున మిగిలిన నీళ్ళు నన్ను పారబొయ్యనివ్వలేదు. మర్నాడు చింతపండు బదులు అవే పప్పులో పోసి, ఉప్పు వెయ్యకుండా దించింది. డిల్ వాసన వేసే ఆ పప్పు బావుందని నేను అబద్ధం చెప్పను. పిల్లలు మాత్రం మారు వడ్డించుకున్నారు.

ఇప్పుడు ఫోన్లో గొడవ వేరు. రెండో జాడీలో ఆవపిండి వెయ్యాలని అమ్మ, వేస్తే అది హాఫ్ సోర్ ఎలా అవుతుందని మనవరాలు. మధ్యలో నేనేమైనా అంటే ఇద్దరూ కలిసి నన్ను ఊరుకోమంటున్నారు.