వాన ఆగిపోయే చోటు దాకా: మా కిన్నౌర్, స్పితి టూరు

హిమాచల్ ప్రదేశ్‌లో ఉన్న స్పితి వెళ్ళొచ్చామని చెప్పగానే మా అమలాపురం వైపు ఎవరైనా అడిగేది ఆక్సిజన్ సరిపోయిందా అని, ఆ తర్వాత మంచు పడిందా అని. సరిపోయిందండి, పడలేదండి, మేం వెళ్ళింది ఆగస్టు ఆఖర్లో. ఇంకేం అడగట్లేదు కాబట్టి మిగతాది నేనే రాసేస్తున్నా. నిజం చెప్పాలంటే నేను ఆ దారంతా ఎక్కువ చూసింది ఇంటికప్పుల్ని. షిమ్లా నుంచి పైకి వెళ్తుంటే వాన తగ్గే కొద్దీ కప్పు మారుద్ది, దాంతో పాటు గుడి, పంట, చివరికి అన్నదమ్ములు ఆస్తి పంచుకునే పద్ధతి కూడా మారిపోద్ది. వానకీ కాలవకీ లోటు లేని చోట పుట్టి పెరిగాం కదా, మనకి అది ఇంకాస్త తొందరగా కంట్లో పడుద్దేమో.

మేం వెళ్ళింది రాజమండ్రి ట్రావెల్స్ వాళ్ళ గ్రూపుతో. నేను, పిన్ని, బాబాయ్, మిగతావాళ్ళు ఎక్కువమంది రిటైరయిన మాస్టార్లూ వాళ్ళ ఇళ్ళవాళ్ళూ. వంట మాస్టారు కూడా మాతోనే, కందిపప్పు, చింతపండు, ఆవకాయ జాడీలతో సహా. ఇలాంటి టూర్లని చూసి నవ్వేవాళ్ళుంటారు, హిమాలయాలకెళ్ళి సాంబారు తినడమేంటని. డెబ్బై ఏళ్ళ మనిషికి ఆ ఎత్తులో కడుపు పాడైతే తెలుస్తుంది సాంబారు విలువ. పైన మాకు దొరికిన గైడు మాత్రం అసలైన లోకల్, స్పితిలో పెద్ద ఊరైన కాజా దగ్గర పల్లెటూరి కుర్రాడు, హిందీ బాగా మాట్లాడతాడు, నేను పక్కన కూర్చుని తెలుగులోకి చెప్తూ ఉండేదాన్ని.

కాల్కా నుంచి షిమ్లాకి బొమ్మ రైలు, 96 కిలోమీటర్లు, 1903 నుంచీ నడుస్తోంది, వందకి పైగా సొరంగాలు. బావుంది, కానీ సీట్లు ఇరుకు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కారులో వెళ్ళిపోవడమే మంచిది. షిమ్లా గురించి అందరూ రాసేశారు, వదిలేస్తున్నా.

అసలు కథ సరాహన్‌తో మొదలు. అక్కడి భీమకాళి అమ్మవారి గుడి బుషహర్ రాజుల ఇలవేల్పుది. మనం గుడి అంటే రాతి గోపురం అనుకుంటాం, ఇది కర్రా రాయీ వరసలు వరసలుగా పేర్చిన బురుజులాగా నిలబడి ఉంటుంది. ఒక వరస దేవదారు దూలం, ఒక వరస రాయి, మధ్యలో సున్నం గానీ సిమెంటు గానీ లేదు. కాఠ్‌కుణి అంటారట ఆ పద్ధతిని. భూమి కదిలినప్పుడు గోడ బిగుసుకుని ఉండకుండా కాస్త సర్దుకుంటుంది కాబట్టి కూలదని గైడు చెప్పాడు. పైన పలక రాళ్ళ కప్పు, బాగా ఏటవాలు, వానా మంచూ జారిపోయేలాగా. లోపలికి వెళ్ళాలంటే తోలు బెల్టులు, పర్సులు బయట పెట్టేయాలి, మగాళ్ళు నెత్తిన టోపీ పెట్టుకోవాలి, టోపీలు వాళ్ళే ఇస్తారు. ఆకుపచ్చ వెల్వెట్ అంచున్న టోపీలో బాబాయ్‌ని చూసి పిన్ని పెళ్ళిలో కూడా ఇంత బావులేరండి అనేసింది, బస్సంతా ఒకటే నవ్వులు.

కల్పా 2,900 మీటర్ల పైన. ఎదురుగా కిన్నర్ కైలాసం, ఆ కొండ అంచున నిలబెట్టినట్టు ఒక రాతి స్తంభం, దాన్నే శివలింగం అంటారు. పొద్దున్నే మబ్బు తీసింది, మాస్టార్లందరూ హోటల్ డాబా మీద నమకం మొదలెట్టారు, ఆ పక్కనే యాపిల్ తోటలో కొమ్మలకి కర్రలు ఊతం పెడుతున్న ఆవిడ పని ఆపి చూస్తూ ఉండిపోయింది. యాపిల్ చెట్టుని దగ్గరగా చూడ్డం పిన్నికి అదే మొదటిసారి. కాయ బరువుకి కొమ్మ విరక్కుండా అరటి గెలకి పెట్టినట్టే వెదురు పోటు పెట్టారని తెగ ఆశ్చర్యపోయింది. ఇక్కడి రాజ్మా గింజ కూడా పేరున్నదే, కేజీ కొనుక్కోండి.

కల్పా దాటాక సట్లెజ్ పక్కనే రోడ్డు. టిబెట్ నుంచి వస్తుంది ఆ నది. ఒకచోట కొండ జారి రాళ్ళు పడితే జేసీబీ వచ్చేదాకా చాలాసేపు బస్సులోనే ఉన్నాం, వానాకాలం ఈ దారిలో అది మామూలే, ప్లాన్‌లో ఒక రోజు ఖాళీ ఉంచుకోవాలి. ఖాబ్ అనే చోట స్పితి నది వచ్చి సట్లెజ్‌లో కలుస్తుంది. సంగమం అనగానే మా వాళ్ళు చెంబులు తీశారు. కింద లోయలో ఉరుకుతున్న నీళ్ళు, రెండు వైపులా నిలువు రాయి, మెట్లు లేవు, రేవు లేదు. గైడు చేతులు జోడించి ఆంటీజీ ఇక్కడ స్నానం అంటే నేరుగా పంజాబులో తేలతారు అన్నాడు.

ఇక్కడి నుంచి చూడండి తమాషా. చెట్లు ఒక్కసారిగా అయిపోయాయి. మబ్బులన్నీ వెనక కొండలకే తగులుకుని అక్కడే కురిసేస్తాయి, ఇటువైపుకి రావు. నాకో అనే ఊరు చేరేసరికి పలకల కప్పులు మాయం, ఇళ్ళన్నీ పెట్టెల్లాగా, పైన చదునుగా మట్టి కప్పు. దుంగలు వేసి, వాటి మీద విల్లో కొమ్మలు పరిచి, దాని మీద మట్టి మెత్తుతారు. కప్పు అంచుల చుట్టూ కట్టెపుల్లలు, పశువులకి ఎండుగడ్డి, చలికాలానికి సరిపడా పేర్చి ఉంటాయి. మట్టి కప్పు! మన దగ్గర ఒక్క అల్పపీడనానికి ఆ ఇల్లు బురదై కాలవలో కలిసిపోద్ది. బాబాయ్ అదే అడిగాడు గైడుని, వానొస్తే ఏం చేస్తారు బాబూ అని. వాన రాదు కదా అంకుల్‌జీ అన్నాడు, అని ఒక్క క్షణం ఆగి, ఈ మధ్య వస్తోంది, అదే భయంగా ఉంది అన్నాడు. ఇళ్ళల్లో చాలామంది మట్టి కింద ప్లాస్టిక్ పట్టా పరుస్తున్నారట, కొందరు రేకులు వేసేస్తున్నారట. ఇల్లు సరే, ముందున్న తాబోలో వెయ్యేళ్ళ నాటి మట్టి గుడి సంగతేంటని వాడి బెంగ.

తాబో గొంపా, అంటే బౌద్ధ మఠం, క్రీస్తు శకం 996లో కట్టారు. పశ్చిమ టిబెట్‌లోని గూగే రాజ్యం వాళ్ళ కాలం, రించెన్ జాంగ్‌పో అనే పండితుడి పేరు చెప్తారు, సంస్కృత గ్రంథాలు టిబెటన్‌లోకి తెచ్చిన మనిషి. 996 అంటే లెక్కేసుకోండి, అప్పటికి మన రాజమండ్రిలో రాజరాజ నరేంద్రుడు గద్దెక్కలేదు, నన్నయ గారు భారతం మొదలెట్టలేదు. బయటి నుంచి చూస్తే ఏమీ లేదు, ఎత్తు తక్కువ మట్టి గోడలు, అంతే. మా గ్రూపులో ఒకాయన ఇదేనా అని కూడా అన్నారు. లోపల చీకటి. గైడు టార్చి వేసి నెమ్మదిగా గోడ మీద తిప్పుతుంటే ఒక్కొక్కటే కనపడ్డాయి, గోడకి అతికించినట్టు మనిషంత మట్టి బొమ్మలు, 30 పైచిలుకు, పద్మాసనం వేసుకుని గాల్లో కూర్చున్నట్టు. వాటి కిందా వెనకా అంతా రంగుల బొమ్మలు, కాశ్మీరు చిత్రకారుల పనితనం అంటారు. నేను చూసిన చోట ఒక బొమ్మ చేతి వేలు విరిగి ఉంది, విరిగిన చోట లోపల గడ్డిపోచ కనపడుతోంది. వెయ్యేళ్ళ నాటి గడ్డి. ఫోటోలు తీయనివ్వరు, తీయనివ్వకపోవడమే మంచిదైంది, ఫోన్లు జేబులో పెట్టుకుని అందరూ నోరు మూసుకుని చూశారు.

1975 జనవరిలో కిన్నౌర్‌లో పెద్ద భూకంపం వచ్చినప్పుడు ఇక్కడా దెబ్బతింది, ఆ తర్వాత పక్కనే కొత్త ప్రార్థన మందిరం కట్టారు. పాతది నిలబడే ఉంది. వాన మాత్రం భూకంపంలా ఒక్కసారి వచ్చి పోయేది కాదు, గోడ మీద నీటి చారలు మాకే కనపడ్డాయి.

అక్కడొక పెద్ద లామా గారు మమ్మల్ని ఎక్కడి నుంచి అని అడిగారు. ఆంధ్రా అన్నాను, ఎవరికీ తెలీదులే అనుకుంటూ. ఆయన మొహం వెలిగిపోయి అమరావతీ? అన్నారు. 2006లో దలైలామా గారు అమరావతిలో కాలచక్ర అనే పెద్ద బౌద్ధ దీక్షా కార్యక్రమం చేసినప్పుడు వచ్చారట, ఎండ గురించీ, ఇడ్లీ గురించీ చెప్పారు. వాళ్ళ సంప్రదాయంలో బుద్ధుడు కాలచక్రం మొదట బోధించింది ధాన్యకటకంలోనే, అంటే మన అమరావతే. తాబోలో కూడా 1996లో, సరిగ్గా వెయ్యేళ్ళకి, కాలచక్ర జరిగింది. మాకైతే సిగ్గేసింది కొంచెం. మా కోనసీమలోనే ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఉంది, అప్పనపల్లి వెళ్ళే వాళ్ళలో ఎంతమంది ఆ మామిడికుదురు దగ్గర బండి ఆపి చూస్తారు చెప్పండి.

కాజా దగ్గర్నుంచి బాబాయ్‌కి ఊపొచ్చింది, ఎందుకంటే పొలాలు కనపడ్డాయి. చుట్టూ ఊక రాశులు పోసినట్టు బూడిద రంగు కొండలు, మధ్యలో ఒక్కచోట మాత్రం పచ్చ బఠాణీ, బార్లీ మడులు. నీళ్ళెక్కడివి అంటే గైడు బస్సాపించి కొండ వాలు మీద ఒక సన్నటి గీత చూపించాడు. అది కూల్, అంటే పంటబోదె అనుకోండి. పైన మంచు కరిగే చోట మొదలై వాలు తప్పకుండా కిలోమీటర్ల కొద్దీ కొండని చుట్టుకుంటూ ఊరికొస్తుంది. ఊరి దగ్గర చిన్న చెరువు, రాత్రంతా నిండి పొద్దున వదులుతారు. ఏ ఇంటికి ఏ రోజు, ఎంతసేపు అనేది ఊళ్ళో అందరికీ కంఠతా. తలుపుల్లేవు, షట్టర్లు లేవు, మడి నిండగానే ఒకాయన పారతో రెండు మట్టిగడ్డలు తీసి ఇటు వేసి, రాయి ఒకటి అడ్డం పెట్టాడు, నీళ్ళు పక్క మడికి తిరిగాయి. బాబాయ్ అక్కడే గట్టు మీద కూర్చున్నాడు. మనకీ దాళ్వాలో, అదే రెండో పంటకి, వంతుల వారీగానే కదా నీళ్ళొదిలేది, కాలవ చూసుకునే లస్కరు లేకుండా ఎలా నడుస్తోందిరా ఇక్కడ, శివారు రైతు గోల పెట్టడా అని నన్ను అడిగించాడు. గొడవలుంటాయి అంకుల్‌జీ, కానీ నీళ్ళు దొంగిలిస్తే జరిమానా ఊరంతా కలిసి వేస్తుంది, చలికాలం ఆరు నెలలు ఆ ఊళ్ళోనే మొహాలు చూసుకోవాలి కదా అన్నాడు వాడు.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తిచేశాక మన కాలవలొచ్చాయి, మనకి నీళ్ళంటే పైనుంచి ఎవరో వదిలేది. వాళ్ళకి అంతా చేతికందే దూరంలోనే, కొండ మీద మంచు తక్కువ పడిన ఏడు నాట్లకి ముందే తెలిసిపోద్ది ఈ ఏడు ఎన్ని మడులు వేయాలో. ఏడాదికి ఒక్కటే పంట. బఠాణీ లారీల్లో ఢిల్లీ, చండీగఢ్ వెళ్తుంది, కింద ఎక్కడా బఠాణీ లేని రోజుల్లో వస్తుంది కాబట్టి ధర పలుకుద్ది.

ఇంత తక్కువ భూమీ నీళ్ళూ ఉన్నచోట అన్నదమ్ములు పంచుకుంటూ పోతే ఏం మిగులుతుంది? అందుకే పాత పద్ధతిలో ఇల్లూ పొలమూ నీటి హక్కూ మొత్తం పెద్దకొడుకుకే, తర్వాతి మగపిల్లల్లో కొందరు గొంపాకి వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడు సడలుతోంది అనుకోండి. మా గైడు ఇంట్లో పొలం అన్నయ్యది, తమ్ముడు కీ గొంపాలో లామా, వీడు మాలాంటి వాళ్ళని తిప్పుతున్నాడు. కోపం రాదా అని పిన్ని అడిగింది. మడి ముక్కలైతే ముగ్గురం ఆకలితో ఉండేవాళ్ళం ఆంటీజీ అన్నాడు మామూలుగా. బాబాయ్ ఏమీ మాట్లాడలేదు, మా ఇంట్లో గట్టు తగాదా రాజోలు కోర్టులో ఎన్నేళ్ళు నడిచిందో నాకు తెలుసు.

4,166 మీటర్ల ఎత్తున కీ గొంపా, ఫోటోల్లో మీరు చూసేదే, కొండ మీద తెల్ల గదులు ఒకదాని మీద ఒకటి. మూలికల టీ ఇచ్చారు, వెన్న టీ వేరే, అది ఉప్పగా ఉంటుంది, టీ అనుకోకుండా చారు అనుకుని తాగితే బావుంటుంది. వంట మాస్టారు మాత్రం కాజాలో ఓడిపోయాడు. అంత ఎత్తులో నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, పెద్ద గిన్నెలో కందిపప్పు ఎంతసేపు ఉడికినా పలుకే. పొయ్యిని తిట్టాడు, గ్యాసుని తిట్టాడు, ఆఖరికి హోటల్ వాళ్ళ కుక్కర్లు అరువు తెచ్చి గట్టెక్కించాడు. ఆ రాత్రి వాళ్ళు పెట్టిన థుక్పా, అదే నూడుల్స్ సూపు, మాస్టార్లే రెండోసారి అడిగి వేయించుకున్నారు.

లాంగ్జాలో చిన్న పిల్లలు నల్లటి రాళ్ళు అరచేతిలో పెట్టుకుని వచ్చారు, కొనండి అని. పిన్ని చూడగానే ఒళ్ళు ఝల్లుమన్నట్టు వెనక్కి తగ్గి సాలగ్రామంరా అంది. నిజమే, అదే చుట్ట చక్రం. అమ్మొనైట్ అనే సముద్రపు జీవి శిలాజం, హిమాలయాలు లేవకముందు ఇక్కడ టెథిస్ సముద్రం ఉండేది, మనింట్లో పూజలో పెట్టుకునే గండకీ సాలగ్రామాలూ ఇలాంటివే. గైడు కొననివ్వలేదు, కొంటూ పోతే కొండలో ఏమీ మిగలదని, పిన్ని ఆ పిల్లాడి చేతిలోనే రాయికి దణ్ణం పెట్టుకుని బిస్కెట్ పేకెట్ ఇచ్చింది. హిక్కిం పోస్టాఫీసు ఆ దగ్గర్లోనే, 4,400 మీటర్ల ఎత్తు, అందరూ కార్డులు రాస్తారు, మేమూ రాశాం.

ఆ తర్వాత కుంజుం కనుమ, చంద్రతాల్ సరస్సు, అటల్ టన్నెల్ మీదుగా మనాలి. చంద్రతాల్ అందంగా ఉంది, రోడ్డు దరిద్రంగా ఉంది, ఇంతకంటే రాయడానికి లేదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, వెళ్ళేటప్పుడు షిమ్లా వైపు నుంచే వెళ్ళండి, ఎత్తు మెల్లగా పెరుగుద్ది, ఒంటికి అలవాటవుతుంది. మనాలి నుంచి నేరుగా ఎక్కితే ఒక్క రోజులో 4,500 మీటర్లు దాటాలి, తలనొప్పీ వాంతులూ అక్కడే పట్టుకుంటాయి. బీపీ, షుగరు ఉన్నవాళ్ళు బయల్దేరే ముందే డాక్టర్‌కి చూపించుకోండి. డబ్బు చేతిలో ఉంచుకోండి, ఏటీఎం కాజాలో దొరికినా పనిచేస్తుందన్న నమ్మకం లేదు.

గైడుకి చలికాలం పనుండదు, మంచులో దార్లు మూసుకుపోతాయి. బాబాయ్ వాణ్ణి సంక్రాంతికి రమ్మన్నాడు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభలు చూపిస్తా, లాకులూ, కాలవలూ చూపిస్తా అని. మాటవరసకి అనుకున్నాం. మొన్న వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు, టికెట్ రాజమండ్రికి తీసుకోవాలా కాకినాడకా, జనవరిలో మీ దగ్గర స్వెట్టర్ అవసరమా అని.