పెరిగే పిల్ల కదా, ఒక సైజు పెద్దది తీసుకుందాం

మా నాన్న నాకు చిన్నప్పుడు సరిపోయే చెప్పులు ఒక్కసారి కూడా కొనలేదు. తణుకులో కొట్టుకి తీసుకెళ్ళడం, "పెరిగే పిల్లాడండీ, ఒక నంబరు పెద్దదివ్వండి" అనడం, నేను ఏడాదంతా టపటపలాడించుకుంటూ తిరగడం, సరిగ్గా కాలికి సరిపోయే టైముకి అవి తెగిపోవడం. యూనిఫాం నిక్కరు కూడా అంతే, టైలర్ కింద మడతలో రెండంగుళాలు దాచేవాడు. నేనూ అదే రక్తం కాబట్టి, టోక్యో వచ్చి పద్నాలుగేళ్ళయినా, మా అమ్మాయికి ఏది కొన్నా నా నోట్లోంచి ముందు అదే మాట వస్తుంది. కత్తి కొనేటప్పుడూ అదే వచ్చింది.

కత్తి అంటే కంగారు పడకండి, పదునుండదు. అసలు ఇది ఎలా మొదలైందంటే, మేముండేది నిషికసాయి, ఇక్కడ మనవాళ్ళు బాగానే ఉంటారు, కూరగాయల దగ్గర్నుంచి ఉగాది పచ్చడిలోకి వేపపువ్వు దాకా ఎవరో ఒకరు తెప్పిస్తారు. మా అమ్మాయి మాత్రం లోకల్ జపనీస్ స్కూల్. నాలుగో క్లాసులో ఫ్రెండ్ వెళ్తోందని కెండో కి, అంటే కర్రలతో చేసే జపనీస్ కత్తిసాముకి, వెళ్తానంది. సరే వెళ్ళు, ఎన్నాళ్ళు వెళ్తావో చూద్దాం అన్నాం, అదేమో మూడేళ్ళు వెళ్ళింది. కెండోలో వాడేది షినాయ్, నాలుగు వెదురు బద్దలు కలిపి తోలుతో, తాడుతో బిగించిన కర్ర. పొడవుని బట్టి దానికి నంబర్లుంటాయి, పెద్ద ప్రైమరీ పిల్లలకి 36, జూనియర్ హైకి, అంటే ఏడు నుంచి తొమ్మిదో క్లాసు వాళ్ళకి, 37, హైస్కూలుకి 38, పెద్దవాళ్ళకి 39. నేను షాపులో చూసి, ఎలాగూ పెరుగుతుందిగా అని ఆరో క్లాసు పిల్లకి ఏకంగా 38 కొనేశా. పోటీల్లో జూనియర్ హై పిల్లలకే షినాయ్ 114 సెంటీమీటర్లు దాటకూడదని రూల్ ఉందని, 38 అంతకంటే పొడుగని అప్పటికి నాకు తెలీదు. ఆ 38 ఇప్పటికీ మా బాల్కనీలో బట్టలారేసుకునే కర్రగా ఉంది, పెళ్ళాం అప్పుడప్పుడు దాన్ని చూపించి నవ్వుతుంది.

తర్వాత జూనియర్ హైలో చేరింది. ఇక్కడ 2012 నుంచి జూనియర్ హై పిల్లలందరికీ పీటీలో బుదో, అంటే యుద్ధకళలు, తప్పనిసరి, కాబట్టి క్లాసులో చాలామంది మొదటిసారి షినాయ్ పట్టుకుంటుంటే ఇది సీనియర్ అయిపోయింది. కానీ అదే టైములో కెండో మానేసి ఇయాయిదో కి వెళ్తానంది. ఎందుకే అంటే "అందులో ఎవర్నీ కొట్టక్కర్లేదు నాన్నా, ఎవరూ అరవరు" అంది. చూస్తే నిజమే, ఎదురుగా ఎవరూ ఉండరు. కూర్చున్నచోటు నుంచి కత్తి దూయడం, ఊహలో ఉన్న శత్రువుని నరకడం, రక్తం విదిలించినట్టు చేసి మళ్ళీ ఒరలో పెట్టడం, అంతే. అందరూ నేర్చుకునే బేసిక్ వరసలు పన్నెండు. ఆ పన్నెండింటి కోసమే జీవితాంతం వచ్చేవాళ్ళున్నారు, మా డోజోలో, అంటే సాధన చేసే చోట, నేర్పే సెన్సెయి గారికి డెబ్బై దాటాయి, ఇంకా మొదటి వరసే సరిగ్గా రాలేదంటారావిడ.

మొదటి ఏడాది చెక్క కత్తితోనే, దాన్ని బొకుతో అంటారు, ఓక్ చెక్కది, నాలుగు వేల యెన్లు అయింది, దానికి ప్లాస్టిక్ ఒర ఒకటి. అది బానే గడిచింది. తర్వాత సెన్సెయి గారు ఇక ఇయాయితో కొనుక్కోవచ్చు అన్నారు, అంటే చూడ్డానికి అచ్చం అసలు కత్తిలా ఉండే ప్రాక్టీసు కత్తి. ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. ఎవర్నీ అడక్కుండా, ఆన్‌లైన్లో ఆరు వేల యెన్లకి తళతళలాడుతూ, పిడికి డ్రాగన్ బొమ్మతో ఒకటి కనిపిస్తే ఆర్డర్ పెట్టేశా. పిల్ల డోజోకి తీసుకెళ్ళింది. సెన్సెయి గారు చేతిలోకి తీసుకుని, పిడి పట్టుకుని మెల్లగా ఊపారు, లోపల టకటక చప్పుడొచ్చింది. వెంటనే ఒరలో పెట్టేసి, రెండు చేతులతో నాకు తిరిగిచ్చి, ఇది గోడకి చాలా బాగుంటుంది అన్నారు. జపాన్‌లో అంతకంటే గట్టిగా తిట్టరు. అలంకారం కత్తుల్లో బ్లేడు పిడి లోపలికి సరిగ్గా దిగదంట, ఊపేటప్పుడు ఊడి ఎగిరిపోతే పక్కన నలభై మంది ఉంటారు. మంచి ఇయాయితోలో బ్లేడు తోక పిడిలోకి లోతుగా వెళ్తుంది, రెండింటినీ కలిపి వెదురు మేకు ఒకటి దిగ్గొడతారు, మెకుగి అంటారు. చిన్న వెదురు ముక్క, చిటికెన వేలంత కూడా లేదు, మొత్తం దానిమీదే ఆధారం. ఇప్పుడు మా అమ్మాయి క్లాసుకి ముందు రోజూ దాన్ని బొటనవేలితో నొక్కి చూసుకుంటుంది, బయటికెళ్ళేటప్పుడు మా అమ్మ గ్యాస్ కట్టేశానా లేదా అని చూసుకున్నట్టు.

సరే ఈసారి బుద్ధిగా బుదో సామాన్ల షాపుకి వెళ్ళాం. షాపాయన నా అనుమానం ముందే కనిపెట్టినట్టు చట్టం దగ్గర మొదలుపెట్టాడు. అసలు ఉక్కు కత్తికి ఇక్కడ రిజిస్ట్రేషన్ కాగితం ఉండాలి, అది ఇచ్చేది పోలీసులు కాదు, ప్రిఫెక్చర్, అంటే మన రాష్ట్రంలాంటిది, దాని విద్యాశాఖ బోర్డు, ఎందుకంటే దాన్ని కళాఖండం కింద లెక్కేస్తారు. ఇయాయితో బ్లేడు జింకు, అల్యూమినియం మిశ్రమం, పదును పెట్టినా నిలవదు, అందుకని కాగితం అక్కర్లేదు. అలాగని చేత్తో పట్టుకుని వీధిలో తిరగడానికి లేదు, ప్రాక్టీసుకి వెళ్ళొచ్చేటప్పుడు సంచిలో మూసి తీసుకెళ్ళాలి. పదును లేకపోయినా మొన మాత్రం మొనే, చూడకుండా ఒరలో పెట్టబోతే ఎడమ చేతి బొటనవేలి పక్కన దిగుతుంది.

ఇక సైజు. ఇవి సెంటీమీటర్లలో చెప్పరు, షాకు, సున్, బు లో చెప్తారు. షాకు అంటే 30.3 సెంటీమీటర్లు, అందులో పదో వంతు సున్, దాంట్లో పదో వంతు బు. మన మూర, జానెడు, బెత్తెడులాగే అనుకోండి, కాకపోతే వీళ్ళింకా వదల్లేదు. మా అమ్మాయి 155 సెంటీమీటర్లు. ఆయన చార్టు చూసి 2 షాకు, 2 సున్, 5 బు అన్నాడు, అంటే 68 సెంటీమీటర్ల పైచిలుకు బ్లేడు. నేను ఊరుకోవాలి కదా. "పెరిగే పిల్ల కదా, 2 షాకు 4 సున్ తీసుకుందాం అని చెప్పవే" అన్నా. అమ్మాయి నావైపు చూసింది, ఆ చూపు నేను చెప్పుల కొట్టులో మా నాన్నని చూసిన చూపే. నా జపనీస్ ఆఫీసు మీటింగుల వరకే, ఇలాంటి చోట అదే నాకు దుబాసీ. ఏం చెప్పిందో గానీ, ఆయన లోపలికెళ్ళి రెండు కత్తులు తెచ్చాడు.

ముందు పెద్దది నడుముకి పెట్టించాడు. దూయమన్నాడు. కుడిచెయ్యి మొత్తం చాచేసింది, ఎడం చేత్తో ఒరని వెనక్కి లాగింది, నడుం తిప్పింది, మొన ఇంకా ఒర మూతి దగ్గరే ఇరుక్కుని ఉంది. నాలుగున్నర సెంటీమీటర్లే తేడా! భుజం ఎత్తి గుంజితే వచ్చింది కానీ లోపల చెక్కని గీరుకుంటూ వచ్చిన చప్పుడు నాకే వినపడింది. అలా రోజూ గీరితే ఒర లోపల పొట్టు రాలుతుందంట, భుజం ఎత్తే అలవాటు ఒకసారి పడితే పదేళ్ళయినా పోదంట. తర్వాత చిన్నది. సుయ్యిమని వచ్చేసింది. నిలబడి చెయ్యి కిందికి వదిలేస్తే మొన నేలకి కొంచెం పైన ఆగింది, అదీ కొలత అన్నాడు. బ్లేడు పొడుగునా గాడి ఉన్నది ఇచ్చాడు, దానివల్ల బరువు తగ్గుతుంది, పైగా సరిగ్గా కోస్తే గాలి చప్పుడు చేస్తుంది, కోణం తప్పితే నోరెత్తదు. ఇంట్లో మేం చెప్పేది వినదు గానీ ఆ చప్పుడు కోసం గంటలు గంటలు నిలబడుతుంది.

"మరి రెండేళ్ళలో పొట్టిదైపోతే?" అని అడిగించా. అప్పుడు తర్వాతి పిల్లకి వెళ్తుంది అన్నాడు, డోజోలో అలాగే ఒకరిది ఒకరికి దిగుతుంటాయంట. అక్క గౌను చెల్లికి వచ్చినట్టు. ఇది విన్నాక నాకు వాదించడానికి ఏం మిగల్లేదు, మన లాజిక్‌తోనే మనల్ని కొట్టాడు.

ఇక మిగిలినవి. పిడి మీద చుట్టేది నూలు, పట్టు, తోలు ఉంటాయి, పిల్లకి అరచేతులు చెమటలు పడతాయని నూలు తీసుకుంది. త్సుబా, అంటే చేతికీ బ్లేడుకీ మధ్య అడ్డు బిళ్ళ, నేను కొంగల డిజైన్ చూపించా, అది ఏ నగిషీ లేని ఇనప బిళ్ళ తీసుకుంది. మొత్తం 62 వేల యెన్లు. "ఏమన్నా తగ్గిస్తారేమో అడగవే" అన్నా. అది వంగి, చాలా మర్యాదగా, చాలాసేపు ఏదో మాట్లాడింది, ఆయనా చాలాసేపు చెప్పాడు, చివరికి "తగ్గించరంట" అంది. రైల్లో ఒప్పుకుంది, అసలు అడగనేలేదని, కత్తి తుడిచే గుడ్డ గురించి మాట్లాడానని.

మా అమ్మకి వీడియో కాల్లో చూపిస్తే ఏమంటుందో అనుకున్నా. ఆవిడ కత్తిని పట్టించుకోలేదు, మనవరాలు దాన్ని ముందు పెట్టుకుని, పదును వైపు తనకేసి తిప్పుకుని, వంగి దణ్ణం పెట్టడం చూసి "ఆ, అలా పెట్టాలి" అంది. కూరలు తరగడం అవ్వగానే కత్తిపీటని పక్కకి పడుకోబెట్టకపోతే ఇల్లంతా లేచిపోయేలా అరిచే మనిషి. ఎవరికైనా చాకు ఇవ్వాలంటే చేతికివ్వదు, కింద పెడితే తీసుకోవాలి. నేను పిల్లకి ఇవేం నేర్పలేదు, ఎందుకు చెయ్యాలో నాకే తెలీక వదిలేశా. డెబ్బై ఏళ్ళ జపనీస్ ఆవిడ నేర్పింది.

దసరాకి ఆయుధ పూజలో పెడదామన్నాను. లాప్‌టాప్, సైకిలు, రైస్ కుక్కర్, పక్కన కత్తి. కుంకుమ పెట్టబోతే కెవ్వున అరిచింది, "నాన్నా బ్లేడు మీద మరక పడుద్ది, ఒర మీద లక్క పాడవుద్ది". బేరం కుదరక చివరికి కత్తి సంచికి పెట్టాం, నీలం గుడ్డ మీద ఎర్ర బొట్టు. ఆ వారం డోజోలో సెన్సెయి గారు అది చూసి ఏంటని అడిగారంట. ఏం చెప్పావే అంటే "మా నాయనమ్మ చెక్ చేసిందని చెప్పా" అంది.

మొన్న ఆదివారం గుమ్మం దగ్గర పెన్సిల్‌తో కొలిచాను. 157న్నర. నేనేం అనలేదు, ఫోన్లో ఊరికే 2 షాకు 3 సున్ రేట్లు చూస్తున్నా అంతే, వెనకనుంచి వచ్చి ఫోన్ లాక్కుంది.