పంటి బిగువు

మొదట నొప్పి వచ్చింది చెవిలో. పొద్దున్నే కుడి చెవి లోపల గుచ్చినట్టుండేది, కణతలు బరువెక్కి ఉండేవి. పది గంటలయ్యేసరికి సర్దుకునేది కాబట్టి నెలల తరబడి పట్టించుకోలేదు. చెవి డాక్టర్ చూసి చెవిలో ఏ లోపమూ లేదన్నారు. తర్వాత ఆవలిస్తే దవడ కీలు దగ్గర టక్కుమనడం మొదలైంది. ఒకరోజు నోరు రెండు వేళ్ళు పట్టేంతకు మించి తెరుచుకోలేదు. అప్పుడు భయపడ్డాను.

అసలు సంగతి చెప్పింది అమ్మ. నాన్న జబ్బు పడిన ఏడాది అది. ఓ రాత్రి నా పక్కన పడుకుంది. తెల్లారాక, "రాత్రంతా పళ్ళు పటపటా కొరుకుతూనే ఉన్నావే. ఎవరి మీద తల్లీ అంత కోపం?" అంది. నాకేం కోపం లేదమ్మా అన్నాను. లేదనే అనుకున్నాను.

పళ్ళ డాక్టర్ నా నోరు తెరిపించగానే కనిపెట్టేశారు. కోరపళ్ళ మొనలు అరిగి చదునైపోయాయి. బుగ్గల లోపల, పళ్ళు కలిసేచోట తెల్లటి గీత. నాలుక అంచుల మీద పళ్ళ అచ్చులు. ఇలా పళ్ళు కొరకడాన్ని, బిగించడాన్ని బ్రక్సిజం అంటారని, అరిగిన ఎనామిల్ (పంటి మీది గట్టి పొర) మళ్ళీ పెరగదని ఆవిడ చెప్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొలతలు తీసుకుని, రాత్రి పడుకునేటప్పుడు పళ్ళకు తొడుక్కునే నైట్ గార్డ్ చేయించారు. అది పళ్ళను కాపాడుతుందే గానీ కొరకడాన్ని ఆపదని ముందే చెప్పారు. గురక పెడతానా, డిప్రెషన్‌కి మందులేమైనా వాడుతున్నానా అనీ అడిగారు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్ళలోనూ, అలాంటి కొన్ని మందులు వాడేవాళ్ళలోనూ ఇది కనిపిస్తుందట. నాకు రెండూ లేవు. ఉన్నవాళ్ళు మందు తమంతట తాము మానేయకుండా ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. నేను కింద రాసేవేవీ దానికి బదులు కావు.

లేవబోతుంటే ఒక ప్రశ్న వేశారు: "ఇప్పుడు, ఈ క్షణంలో మీ పళ్ళు ఎలా ఉన్నాయి?"

కరుచుకుని ఉన్నాయి. నోరు మూసుకోవడమంటే పళ్ళు మూసుకోవడమేనని ఇన్నేళ్ళూ అనుకున్నాను. నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పై పళ్ళూ కింది పళ్ళూ తాకనక్కర్లేదనీ, రోజంతా కలిపినా అది సుమారు 20 నిమిషాలకు మించదనీ అప్పుడే తెలిసింది. నిద్రలో చేసేదాన్ని నేను ఆపలేను. మెలకువలో చేసేదాన్ని మాత్రం పట్టుకోగలను.

గంటకోసారి ఫోన్ మోగేలా పెట్టుకున్నాను. మోగినప్పుడల్లా దవడ ఎలా ఉందో చూసుకోవడం, అంతే. మొదటి వారం దాదాపు ప్రతిసారీ బిగిసే ఉంది. ఎప్పుడెప్పుడని రాసుకుంటూ పోతే నా ఏడాదంతా కనిపించింది: ఆఫీసు మెయిల్స్‌కి జవాబు రాసేటప్పుడు, నాన్న రిపోర్టుల కోసం ఎదురుచూసేటప్పుడు, ఫోన్లో అన్నయ్యతో మాట్లాడుతూ అనాలనుకున్న మాట మింగేసినప్పుడు. "పాపం, అన్నీ పంటి బిగువున నెట్టుకొస్తోంది" అని బంధువులు మెచ్చుకునేవారు. నాకూ అది గొప్పగానే ఉండేది. ఆ బిగువు నిజంగానే నా పళ్ళలో ఉందని ఎవరికి తెలుసు!

పెదాలు కలిపి, పళ్ళు విడిచి ఉంచడం నేర్చుకున్నాను. 'ల' అనబోయి ఆగిపోతే నాలుక కొస పై పళ్ళ వెనక చిగురు మీద ఆగుతుంది. దాన్నక్కడే ఉంచితే దవడ తనంతట తనే జారుతుంది. పడుకునే ముందు వెచ్చటి తడిగుడ్డతో పావుగంట కాపడం, తర్వాత చెంప కండరాలను వేళ్ళతో మెల్లగా వలయాలుగా రుద్దడం. ఫిజియోథెరపిస్ట్ మెడకీ భుజాలకీ కసరత్తులు నేర్పారు. అన్నిటికంటే నాకు పనిచేసింది భ్రామరి ప్రాణాయామం. పెదాలు మూసి, పళ్ళ మధ్య సందు ఉంచి తుమ్మెదలా ఝుంకారం చేస్తే ఆ కంపనం దవడలోకి పాకుతుంది. పళ్ళు కరిస్తే ఆ కంపనం వెంటనే మారిపోతుంది. తప్పు చేస్తే చెప్పే గురువులా ఉంటుంది అది. మధ్యాహ్నం దాటాక కాఫీ మానేశాను, చూయింగ్ గమ్ పూర్తిగా మానేశాను. మెగ్నీషియం బిళ్ళలు రెండు నెలలు వాడినా నాకేమీ తేడా తెలియలేదు.

అన్నయ్యతో మాట్లాడటం వీటన్నిటికంటే కష్టమైంది. నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్ళే రోజులు పంచుకుందామని అడిగాను. ఆ మాట బయటికి రావడానికి ఏడాది పట్టింది. వాడు ఒక్క నిమిషం ఆగి, "నువ్వు అడగలేదు కదా, చేసుకోగలవనుకున్నాను" అన్నాడు.

మూడో వారానికి చెవి నొప్పి తగ్గింది. నాలుగు నెలలకు నోరు మూడు వేళ్ళంత తెరుచుకుంటోంది. టక్కుమనే చప్పుడు అప్పుడప్పుడూ ఉంది. నొప్పి లేనంతవరకూ దానికి చికిత్స అక్కర్లేదన్నారు. గార్డ్ పెట్టుకునే పడుకుంటాను. పొద్దున కడిగేటప్పుడు వెలుగులో పట్టి చూస్తే, నాన్న పరీక్షల రోజు దగ్గరపడ్డప్పుడు కుడివైపు ఇప్పటికీ ఒకటో రెండో కొత్త గీతలు కనిపిస్తాయి. ఆ రోజు ఫోన్ అరగంటకోసారి మోగేలా పెట్టుకుంటాను.