బాకీ ఉన్నోళ్ళకి మేలు చేసేటోడు

ముందే చెప్తున్న, నేను యూదుణ్ణి కాదు, వాళ్ళ శాస్త్రం చదువుకున్నోణ్ణి అసలే కాదు. కోరుట్ల దగ్గర మా ఊరు. నాలుగేండ్ల కింద ఏజెంటుకు కట్టనీకి అప్పు చేసి ఇజ్రాయెల్ వచ్చిన, ముసలోళ్ళను చూసుకునే పని, ఇక్కడ మెతపెల్ అంటరు. రమత్ గాన్‌ల ఒక పెద్దాయన దగ్గర ఉంటున్న, సబా అని పిలుస్త, అంటే తాత. 87 ఏండ్లు ఉంటయి. పుట్టింది బాగ్దాద్‌ల. 1950-51ల ఇరాక్ యూదులు లక్ష మందికి పైన విమానాలల్ల ఇటు వచ్చేసిండ్రు, అందులో ఈయన సుత ఉన్నడు, అప్పటికి 13 ఏండ్ల పిలగాడట. ఈ ఇంట్ల ఫ్రిజ్ తెరిస్తే అంబా డబ్బా ఉంటది, మామిడికాయ, పసుపు, మెంతులు, మన పచ్చడికి చుట్టమే, పేరు మరాఠీల మామిడిపండు పేరే, బాగ్దాద్ వ్యాపారులు మన దిక్కు నుంచి పట్టుకపోయిన రుచి. మొదటి దినం అది నాకినప్పుడే ఈ ఇంట్ల బతకొచ్చు అనుకున్న.

పోయిన చలికాలం ఒక మంగళవారం రాత్రి బొడ్డు చుట్టు నొప్పి మొదలైంది. పొద్దటిపూట సబీఖ్ తిన్న, వేయించిన వంకాయ, ఉడకబెట్టిన గుడ్డు, మీదికెళ్ళి అంబా పోసిన రొట్టె, గ్యాస్ పట్టిందనుకుని వాము నమిలి పన్న. తెల్లారి నొప్పి కుడిపక్కకు జరిగింది, వంగితే ప్రాణం పోతుంది, అయినా సబాను మంచం మీంచి లేపి స్నానం చేయించి కుర్చీల కూసోబెట్టిన, ఊరి నుంచి తెచ్చుకున్న డోలో 650 రెండు మింగిన. ఎవరికీ చెప్పలే. చెప్తే ఏమైతది, నేనే మంచం పడితే ఈయన్ని ఎవరు ఎత్తాలె, వీళ్ళు ఇంకొకన్ని పెట్టుకుంటరు, నా అప్పు ఇంకా సగం అట్లనే ఉండె. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ సైరన్లు మోగుతున్నయా, దాక్కునే గది ఉందా అని అవే అడుగుతది, టీవీల మిసైళ్ళు చూసి చూసి ఆమెకు నిద్ర లేదు, ఇంక కడుపునొప్పి అని ఏం చెప్పాలె.

గురువారం మధ్యాహ్నం నొప్పి ఒక్కసారిగ తగ్గింది. హమ్మయ్య అనుకుని చాయ్ గూడ తాగిన. తర్వాత డాక్టర్ చెప్పిండు, గా తగ్గుడే అసలు ప్రమాదం అట, అపెండిక్స్ పగిలినప్పుడు కొందరికి కాసేపు హాయిగుంటదట. రెండు గంటలు కాలే, పొట్ట మొత్తం చెక్కలెక్క గట్టిగైంది, చలి, వణుకు, జ్వరం 39 దాటింది (ఇక్కడ జ్వరం సెల్సియస్‌ల చూస్తరు, మన లెక్కన 102 పైన). సాయంత్రం సబాను కుర్చీల నుంచి లేపబోయి నేనే ఆయన మోకాళ్ళ మీద పడిపోయిన. అంబులెన్సుకు 101 కొట్టింది ఆయనే, వణికే చేతులతోని. వాళ్ళొచ్చే దాక నా తల మీద చెయ్యి పెట్టి హబీబీ, హబీబీ (అరబ్బీల నా బంగారం అన్నట్టు) అనుకుంట కూసున్నడు. నాలుగేండ్లు నేను పట్టుకున్న చెయ్యి అది.

స్కాన్ తీసిండ్రు, రాత్రే ఆపరేషన్, చీము కడుపంతా పాకిందట, మూడు చిన్న రంధ్రాలు పెట్టి కడిగి పక్కకు ఒక గొట్టం వేసిండ్రు. మిగతా తొమ్మిది దినాల ముచ్చట ఎక్కువేం లేదు, సెలైన్లు, యాంటీబయాటిక్లు, పైకప్పు. ఒక్కటి మాత్రం చెప్పాలె. పేగులు కదిలితేనే నోటికి ఏమన్న ఇస్తమన్నరు, అంటే గ్యాస్ పోవాలె. రోజు పొద్దున పెద్ద డాక్టర్ వెనుక ఆరుగురు పిలగాండ్లు వచ్చి నిలబడి, పోయిందా అని అడుగుడు, నేను సిగ్గుతోని తల అడ్డం ఊపుడు. నాలుగో దినం తెల్లారుజామున పోయింది. నర్సు కఫ్ర్ ఖాసిమ్ నుంచి వచ్చే అరబ్ ఆమె, చెప్పంగనే చేతులు పైకెత్తి అల్‌హందులిల్లా అన్నది, పక్క బెడ్ మీది ముసలాయన బారుఖ్ హషెమ్ అన్నడు, రెండూ దేవునికి స్తోత్రమనే, నేను రాజన్నా అనుకున్న. ఒక్క గ్యాస్‌కు ముగ్గురు దేవుళ్ళు.

అప్పుడే సబా గుర్తుకొచ్చిండు. ఆయన బాత్రూమ్‌ల నుంచి వచ్చిన ప్రతిసారి చేతులు కడుక్కుని గోడ పట్టుకుని అర నిమిషం ఏదో గొణుగుతడు, నేను తువ్వాల పట్టుకుని నిలబడుత, నాలుగేండ్ల నుంచి ఇదే, ఏం చదువుతుండో ఎన్నడు అడగలే. ఆయన బిడ్డ చూడొచ్చినప్పుడు అడిగితే ఫోన్ల చూసి చదివింది. దాని పేరు అషెర్ యత్సర్. మనిషిని తెలివితోని చేసి లోపల రంధ్రాలు రంధ్రాలు, గొట్టాలు గొట్టాలు పెట్టినవు, వీటిల ఒక్కటి తెరుచుకున్నా, ఒక్కటి మూసుకపోయినా నీ ముందు నిలబడుడు మాతోని కాదు అని. దొడ్డికి పోయొచ్చి చదివే ప్రార్థన! తాల్మూద్ అని వాళ్ళ పాత గురువుల మాటలు, వాదాలు రాసిన గ్రంథం, ఆ కాలం నుంచి ఉన్నదట. నాకైతే నవ్వు రాలే. నాది తెరుచుకున్నది మరి.

ఇంటికొచ్చినంక బరువులు ఎత్తొద్దన్నరు, సబా కోసం ఫిలిప్పీన్స్ పిలగాణ్ణి కొన్ని వారాలు పెట్టిండ్రు, నన్ను మాత్రం నా గదిలనే ఉండమన్నరు. పనిల నుంచి తీసేస్తరని భయపడ్డది ఉత్తదే అయింది. ఒక పొద్దున సబా చక్రాల కుర్చీ నా గది గుమ్మం దాక తెప్పించుకుని, నువ్వు హగొమెల్ చెప్పాల్సినోడివి తెల్సా అన్నడు.

హగొమెల్ నేను విన్నదే కాని విన్నట్టు తెల్వది. సోమవారం, గురువారం, శనివారం వాళ్ళ గుడిల తోరా, అంటే వాళ్ళ ధర్మశాస్త్రం రాసిన చుట్ట తీసి చదువుతరు, సబాను నేనే తోసుకపోత. అప్పుడప్పుడు ఎవరో ఒకాయన దాని పక్కన నిలబడి గబగబ ఒక ముక్క చెప్తడు, అందరు గట్టిగ జవాబిస్తరు, అయిపోయినంక కొందరు భుజం తడుతరు. నేను పుట్టినరోజేమో అనుకునేది. అది కాదు, చావు తప్పినోడు చెప్పేది. తాల్మూద్‌ల రవ్ అనే గురువు మాటగా ఉన్నదట, నలుగురు తప్పకుండ కృతజ్ఞత చెప్పాలె: సముద్రం దాటొచ్చినోడు, ఎడారి దాటొచ్చినోడు, రోగం నుంచి లేచినోడు, జైలు నుంచి బయటపడ్డోడు. బైబిల్‌ల 107వ కీర్తనల ఉన్న నలుగురే వీళ్ళు. ఈ నాలుగు ముక్కల మొదటి అక్షరాలు కలిపితే హీబ్రూల హయ్యీమ్, బతుకు అన్న మాట వస్తదని సబా వేళ్ళ మీద చూపించిండు.

నేను మాత్రం మా మండలం లెక్క పెట్టుకుంటున్న. ఎడారి అంటే సౌదీల గొర్లు కాసిన మా మేనమామ. జైలు అంటే వీసా అయిపోయి దొరికిపోయినోళ్ళు. సముద్రం అంటే సూట్‌కేసుకు తాడు కట్టి శంషాబాద్‌ల విమానం ఎక్కిన ప్రతోడు. రోగం అంటే నేను. పాత బాగ్దాద్ దిక్కు గురువులు రాసుకున్న లిస్టు మా జగిత్యాలోళ్ళను చూసి రాసినట్టే ఉన్నది. విమానం దిగినంక చెప్పాల్నా అంటే సముద్రం దాటితే చెప్పేటోళ్ళు మస్తుమంది. సెఫర్దీలల్ల, అంటే స్పెయిన్, అరబ్ దేశాల దిక్కు యూదులల్ల, కొందరైతే ఊరు దాటి 72 నిమిషాలకు మించి ప్రయాణం చేస్తే చాలు చెప్తరట. గా లెక్కన మనోళ్ళు కోరుట్ల నుంచి హైదరాబాద్ బస్సెక్కితే దిగినప్పుడల్లా చెప్పాలె.

రోగం కాడ కొట్లాట ఉన్నది. 16వ శతాబ్దంల యోసెఫ్ కారో రాసిన షుల్హాన్ అరూఖ్ అనే నియమాల పుస్తకంల, మంచం పట్టి లేచిన ఎవడైనా చెప్పాలె, మంచం ఎక్కినోణ్ణి తీర్పు కోసం బోనెక్కించినట్టే అని ఉంటదట. యూరప్ దిక్కు యూదులు అట్ల కాదు, ప్రాణం మీదికొస్తేనే, పొట్ట లోపలి దెబ్బ లాంటిదైతేనే అంటరు. సబా మొదటి రకం, ఎదురింటి పోలండ్ తాత రెండో రకం, ఇద్దరు మెట్ల కాడ ప్రతిదానికి వాదించుకునేటోళ్ళే. నా అపెండిక్స్ దగ్గరికొచ్చేసరికి ఇద్దరు ఒక్కటైండ్రు. చెప్పుడు మాత్రం పూర్తిగ కోలుకున్నంకనే, మంచం దిగంగనే కాదు, మునుపటిలెక్క నడవాలె. ఇంకోటి, ఒక్కనివే మూలకు కూసుని చెప్పుకుంట అంటే కుదరదు, పదిమంది ఉండాలె, అందులో ఇద్దరు చదువుకున్నోళ్ళయితే ఇంకా మంచిది. యెరూషలేంల వాళ్ళ పెద్ద గుడి ఉన్న కాలంల అయితే తోదా బలి ఇచ్చేటోళ్ళు (ఇక్కడ థాంక్స్‌కు తోదా అంటరే, గదే), దానితోని 40 రొట్టెలు, 30 పులియనివి, 10 పులిసినవి, అంతా ఆ ఒక్క పగలు రాత్రిలనే తినేయాలె. ఒక ఇంటోళ్ళు 40 రొట్టెలు ఎట్ల తింటరు, వాడకట్టంతా పిలవాల్సిందే, పిలిస్తే ఏమైంది ఏమైంది అని అడుగుతరు, చెప్పాల్సిందే. మా పోచమ్మ కాడ యాటను కోసినా అంతే కద.

అసలు ప్రార్థన హగొమెల్ లెఖయావీమ్ తొవోత్ అని మొదలైతది. లెఖయావీమ్ అన్న మాట చెవుల పడంగనే ఉలిక్కిపడ్డ, ఎందుకంటే ఖయావ్ నాకు బాగ తెల్సిన మాట, కిరాణా షాపాయన నోట్ల రోజు వింట, నువ్వు ఇంత ఖయావ్ అంటే ఇంత బాకీ అని. అంటే ఏంది సబా, అప్పులున్నోళ్ళకి మేలు చేసే దేవుడా అన్న. సబా పండ్లు లేని నోటితోని మస్తు నవ్విండు. ఇక్కడ దోషులకు, అర్హత లేనోళ్ళకు అని అర్థమట, నేను దానికి తగినోణ్ణి కాకున్నా నాకు మంచే చేసినవు అని, అందుకే దోషం అంటని చిన్నపిల్లలకు ఇది లేదట. కాని నువ్వు చెప్పింది గూడ తప్పు కాదు అన్నడు. మనం గూడ మొక్కు తీర్చుకుంటం అంటం, అప్పు తీర్చినం అంటం, ఒక్కటే మాట. నాకు గా ముక్క తలల నుంచి పోలే.

మరి నేను ఎట్ల చెప్పాలె? సబా కొడుకు వచ్చినప్పుడు అడిగితే, నాన్నా ఆయనకు ఈ నియమమే లేదు, పదిమందిల లెక్కకు సుత రాడు అన్నడు. తప్పు మాట కాదు, ఉన్నదే చెప్పిండు. సబా ఏం మాట్లాడలే. శుక్రవారం రాత్రి కొడుకులు, అల్లుండ్లు, మనవళ్ళు అంతా వచ్చి బల్ల చుట్టు కూసున్నంక, మగోళ్ళను లెక్కపెట్టిండు. ఒకటి రెండు అని కాదు, వీళ్ళు మనుషులను అంకెలతోని లెక్కపెట్టరు, పది మాటలున్న ఒక కీర్తన చరణం ఉంటది, ఒక్కో మనిషికి ఒక్కో మాట. సరిగ్గ పది. ఇద్దరు పండితులు కావాలె కద అని కొడుకు నవ్విండు, ఒక మనవడు యెషివాల, అంటే శాస్త్రం నేర్పే బడిల, చదువుతుండు, రెండోది నువ్వు లాయర్‌వి, సర్దుకుందం అన్నడు సబా.

అప్పుడు ఒక కథ చెప్పిండు. రవ్ యెహుదా అని, గా నలుగురి మాట రవ్ పేరు మీద చెప్పింది ఆయనే, ఆయనకే రోగమొచ్చి తగ్గింది. చూడనీకి బాగ్దాద్‌కు చెందిన రవ్ హానా, ఇంకొందరు గురువులు వచ్చి, నిన్ను మట్టికి ఇయ్యకుండ మాకు ఇచ్చిన దయగలవాడికి స్తోత్రం అన్నరట. మీరు చెప్పేసిండ్రు, ఇంక నా మీద బాకీ లేదు అన్నడట ఆయన. వాళ్ళంటే ఈయన ఆమెన్ అన్నడు, గంతే, చాలు. బాగ్దాదోడు అన్నప్పుడు సబా తన ఛాతీ మీద కొట్టుకున్నడు. తర్వాత నా దిక్కు తిరిగి అదే మాట అరమాయిక్‌ల, గా గురువుల పాత భాషల, అన్నడు, బ్రిఖ్ రహ్మానా దెయహ్‌వాఖ్ లన్ వెలా యహ్‌వాఖ్ లెఅఫ్రా. అందరు నన్నే చూస్తుండ్రు. అప్పటి దాక నేను ఎవరి ముందు ఏడ్వలే, ఆపరేషన్ గదికి పోయేటప్పుడు గూడ. ఆమెన్ అన్న. కొడుకు గూడ అన్నడు, గట్టిగనే.

ఆదివారం అమ్మకు ఫోన్ చేసిన. నెల దాటినంక చెప్తున్న. కాసేపు అటు నుంచి చప్పుడే లేదు, తర్వాత తిట్టుడు మొదలుపెట్టింది, ఆ తిట్లు రాయను. ఆఖరికి ఎములాడ రాజన్నకు కోడె కట్టిస్త, నువ్వొచ్చినంక ఇద్దరం పోదం అని పెట్టేసింది. పదిమందితోని ఆగే మనిషి కాదు మా అమ్మ. సాయంత్రానికి మా బామ్మర్ది, మా సర్పంచ్, పదో తరగతిల నాతోని చదివినోడు, అందరి ఫోన్లు, పొట్ట చూపియ్ అని వీడియో కాల్.

ఆ తర్వాతి శనివారం తెల్ అవీవ్‌ల మనోళ్ళ రూముకు పోయిన. బస్‌స్టేషన్ దగ్గర తలా ఇంత వేసుకుని కిరాయికి తీసుకున్నం, సెలవు దినం వండుకుని పండుకోనీకి. ఆ దినం పన్నెండు మందిమి ఉన్నం. కోడికూర పొయ్యి మీద ఉంది, నేను చెప్తున్న, అంగీ లేపి మూడు గుర్తులు, గొట్టం పెట్టిన కాడ గుంట చూపించిన. ఎవడు మాట్లాడలే. మూలకు కూసున్న నిర్మల్ అన్న, ఎప్పుడు నవ్విస్తనే ఉంటడు, మెల్లగ లేచి అంగీ లేపిండు. బొడ్డు కింద అడ్డంగ ఇంత పొడుగు గీత. హెర్నియా రా, రెండేండ్లయింది, మీకు చెల్లె పెండ్లికి డబ్బుల కోసం డబుల్ డ్యూటీ అని చెప్పిన చూడు, ఆ పదిహేను దినాలు, మా ఇంట్ల ఇప్పటికీ తెల్వదు అన్నడు. ఇటు తిరుగు రా ఫోటో తీస్త అన్నడు ఒకడు, ఇంకొకడు తన ఎక్స్‌రే ఫోన్ల వెతుకుతుండు, కూర అడుగంటిన వాసన వచ్చేదాక ఎవడు లేవలే.