పోవడం, వెళ్ళడం, ఒక నీలం గుడ్డు

మూడేళ్ళ కిందట, మా వాడికి పదేళ్ళప్పుడు, రాజమండ్రిలో మా పెదనాన్నగారింటికి వెళ్ళాం. అప్పుడాయనకి 84 ఏళ్ళు. ఆ వారంలోనే కాశీ ప్రయాణం పెట్టుకుని వరండాలో సంచీ సర్దుకుంటున్నారు. మా వాడు ఆయన పక్కన చతికిలబడి, తనకి వచ్చిన తెలుగంతా కూడగట్టుకుని, ఎంతో ప్రేమగా అడిగాడు: “తాతయ్యా, మీరెప్పుడు పోతారు?”

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఇల్లంతా ఒకటే నవ్వు. మా పిన్ని ఆ మాటని వారం రోజులపాటు వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. చెప్పినప్పుడల్లా పిల్లాణ్ణి పిలిచి “ఏదీ, మళ్ళీ అను నాన్నా” అనేది. వాడికి ఏం తప్పన్నాడో తెలీదు. తననే చూసి నవ్వుతున్నారని మాత్రం తెలిసింది. తిరిగి డాలస్ వచ్చాక ఆదివారం తెలుగు బడికి రానన్నాడు. ఇంట్లో నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. అలా మూడేళ్ళు గడిచాయి.

నిజానికి వాడికి తెలుగు నేర్పింది నాకన్నా ఎక్కువగా మా వీధి చివరి కరీంనగర్ వాళ్ళ కుటుంబం. వాళ్ళబ్బాయితో ఆటలు, వాళ్ళింట్లోనే తిండి. “పార్కుకి పోదాం”, “రేపు పోతున్నం”, “పోయొస్త” అంటారు వాళ్ళు. ఆ ఇంట్లో ఏ పెద్దాయన్ని “ఎప్పుడు పోతరు?” అని అడిగినా, టికెట్టు తేదీ చెప్పేవారు.

ఈ చలికాలంలో వాడి చేతికి ‘ఎరగాన్’ వచ్చింది. క్రిస్టఫర్ పవోలీని రాసిన డ్రాగన్ల నవల. పదిహేనేళ్ళ పల్లెటూరి కుర్రాడు అడవిలో వేటకెళ్తే ఒక నీలం రాయి దొరుకుతుంది. తీరా చూస్తే అది గుడ్డు. అందులోంచి సఫీరా అనే ఆడ డ్రాగన్ పుడుతుంది. మా వాడు మొదటి భాగం ఆరు రోజుల్లో చదివేసి, మొత్తం నాలుగూ కావాలన్నాడు.

జూలైలో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్ళినప్పుడు కారులో ఆ పుస్తకం మీద పెద్ద వాదన నడిచింది. మోంటానా రాష్ట్రంలో లివింగ్‌స్టన్ నుంచి గార్డినర్ దాకా 89వ నంబరు రోడ్డు మీద వెళ్తే, పక్కన ఎల్లోస్టోన్ నది, రెండు వైపులా కొండలు. ఆ లోయ పేరే ప్యారడైజ్ వ్యాలీ. పవోలీని పెరిగిందీ, బడికి వెళ్ళకుండా ఇంట్లోనే చదువుకున్నదీ, 15 ఏళ్ళకి హైస్కూలు చదువు ముగించి ఈ నవల మొదలుపెట్టిందీ అక్కడే. మా వాడు కిటికీకి ముక్కు ఆనించి కూర్చున్నాడు, కొండ మలుపు తిరిగితే సఫీరా కనిపిస్తుందన్నట్టు.

మా అమ్మాయికి 17. తన అభిప్రాయం ఖరాకండీగా చెప్పింది: “అది కాపీ. పల్లెటూరి కుర్రాడు, చంపేసిన మామయ్య, గడ్డం ముసలాయన చెప్పే పాఠాలు, దుర్మార్గుడైన చక్రవర్తి, అదంతా స్టార్ వార్స్. మరుగుజ్జులూ దేవతాజాతి వాళ్ళూ టోల్కీన్ నుంచి. దేని అసలు పేరు తెలిస్తే దాని మీద శక్తి చేతికొస్తుందన్నది అర్సులా లెగ్విన్ అనే రచయిత్రి ఎప్పుడో రాసేసింది.” ఈ ఆరోపణ కొత్తదేం కాదు, పుస్తకం వచ్చినప్పటి నుంచీ చాలామంది పాఠకులు అంటున్నదే. మా ఆయనకి కథ కన్నా దాని వెనక కథ నచ్చింది. 2002లో అమ్మానాన్నలే అచ్చు వేయించారు, అట్ట మీద బొమ్మ కుర్రాడే గీసుకున్నాడు, పాతకాలం వేషం వేసుకుని బళ్ళూ లైబ్రరీలూ వందకు పైగా తిరిగి పుస్తకం అమ్మాడు. రచయిత కార్ల్ హయాసెన్ సవతి కొడుకు మోంటానాలో ఆ పుస్తకం కొని చదివి ఆయనకి చెప్పడం, ఆయన నాఫ్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళకి చెప్పడం, 2003లో అది దేశమంతా రావడం జరిగాయి. “కొడుకు కాలేజీ వద్దు, డ్రాగన్ల కథ రాస్తానంటే ఆ తల్లిదండ్రులు ఊళ్ళు తిప్పారు, చూడు” అన్నారు ఆయన. నేను మాట్లాడలేదు. నేనైతే ముందు కాలేజీ ఫారాలు నింపమనేదాన్ని.

నాకు ఈ నవలలో నచ్చనివీ ఉన్నాయి. వర్ణనలు ఒకదాని మీద ఒకటి పేర్చేస్తాడు, నడిమి భాగంలో ప్రయాణం సాగుతూనే ఉంటుంది. కానీ కాపీ అన్న మాట దగ్గర మాత్రం నేను మా అమ్మాయితో ఏకీభవించలేను. మళ్ళీ రామాయణం ఎందుకయ్యా అంటే, తిన్న అన్నమే రోజూ తినడం లేదా, నా భక్తి నాది అన్నారు విశ్వనాథ సత్యనారాయణగారు. ఆ మాట చదువుతూ పెరిగినవాళ్ళం. పదిహేనేళ్ళ పిల్లాడు తనకి ఇష్టమైన కథల్ని తన లోయలో, తన కొండల మధ్య మళ్ళీ చెప్పుకుంటే నాకది దొంగతనంలా అనిపించదు.

మేలో వచ్చిన మా అమ్మ మాతోనే ఉంది. వెనక సీట్లో కూర్చుని, “ఏమిటే ఆ గుడ్డు గొడవ?” అంది. చెప్పాను. డ్రాగన్‌కి మనకో మాట లేదు కదా, రెక్కలున్న పెద్ద పాము అన్నాను. “పాముకి రెక్కలేమిటి, గరుత్మంతుడు ఊరుకుంటాడా?” అంది. మరి ఆ గుడ్డు ఎప్పుడు పగిలిందని అడిగింది. అది తనకి తగ్గ మనిషి ముట్టుకునేదాకా పగలదనీ, ఏళ్ళ తరబడి ఎంతమంది చేతులు మారినా అలాగే ఉండిపోయిందనీ చెప్పాను.

“తెలివైన గుడ్డే” అంది అమ్మ. అని, ఆదిపర్వంలో వినత కథ మొదలుపెట్టింది. కద్రువకి వెయ్యి గుడ్లు, వినతకి రెండు. అయిదు వందల ఏళ్ళకి కద్రువ గుడ్లు పగిలి పాములు బయటికొచ్చాయి. వినత గుడ్లు కదల్లేదు. ఆవిడ ఆగలేక ఒకటి చితక్కొట్టింది. నడుం పైభాగమే తయారైన బిడ్డ బయటికొచ్చాడు. తొడలు లేవు కనక అనూరుడు. “తొందరపడి నన్నిలా చేశావు, నీ సవతికి దాసీవి కా. రెండోదాన్నైనా కదపకు, ఇంకో అయిదు వందల ఏళ్ళు ఆగు” అన్నాడు. ఆగింది. గరుత్మంతుడు పుట్టాడు.

ముందు సీట్లోంచి మా వాడు వెనక్కి తిరిగాడు. “ఎందుకు పగలగొట్టింది?” అన్నాడు, తెలుగులో.

“సవతి పిల్లలు ముందు పుట్టేశారుగా” అంది అమ్మ.

నాకు గొంతు పట్టేసింది. సంక్రాంతి సంబరాల్లో పక్కింటి పిల్ల గుక్క తిప్పుకోకుండా పోతన పద్యాలు చదువుతుంటే, కార్లో తిరిగొస్తూ వాణ్ణి ఏమన్నానో నాకు గుర్తుంది.

ఆగస్టులో వాడు రెండో భాగంలో పడ్డాడు. ఒక రాత్రి పదకొండింటికి పుస్తకంలో వేలు పెట్టుకుని నా మంచం దగ్గరికొచ్చాడు. ఆ కథలో ఒక ప్రాచీన భాష ఉంది. అందులో అబద్ధం చెప్పడం కుదరదు, మంత్రంగా ఏది పలికితే అది జరుగుతుంది. మొదటి భాగం చివర ఎరగాన్ ఒక పసిపాపని ఆ భాషలో దీవిస్తాడు. అప్పటికి అతనికి ఆ భాష కొత్త. రెండో భాగంలో గురువు దగ్గర చదువుకుంటుంటే తెలుస్తుంది, ఒక్క పదం రూపం తప్పిందని. నీకు కీడు నుంచి కాపు దొరకాలి అనబోయి, కీడుకి నువ్వే కాపువి కావాలి అన్నాడు. ఆ పాప, పేరు ఎల్వా, అప్పట్నుంచీ చుట్టూ ఉన్న ప్రతివాళ్ళ నొప్పీ తనదిగా పడుతూ, వాళ్ళకి అడ్డం వెళ్ళకుండా ఉండలేక నలిగిపోతుంది.

“వాడు మంచే చెప్పాలనుకున్నాడమ్మా” అన్నాడు మా వాడు ఇంగ్లీషులో. కాసేపాగి, “నేను కూడా” అన్నాడు.

లేచి కూర్చున్నాను. ఆ రోజు వరండాలో నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ మాటే వాడికి చెప్పాను, క్షమించమన్నాను. పోవడమంటే వెళ్ళడమేననీ, కరీంనగర్ వాళ్ళు ఆ మాటని ఇప్పటికీ హాయిగా వాడుకుంటున్నారనీ, మా వైపు మాత్రం చచ్చిపోయారనడానికి నోరు రాక “పోయారు” అంటామనీ, అందుకే బతికున్న పెద్దవాళ్ళ ముందు ఆ మాటకి జడుస్తామనీ చెప్పాను. నువ్వన్నది తప్పు తెలుగు కాదు, ఇంకో ఇంటి తెలుగు అన్నాను.

“అయితే అప్పుడే ఎవరూ ఎందుకు చెప్పలేదు?” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మూడో భాగంలో ఎరగాన్ ఎల్వా దగ్గరికి వెళ్ళి తన మాటని విప్పడానికి కూర్చుంటాడు. పూర్తిగా విప్పలేడు. నొప్పులు తెలియడం పోదు, కానీ అడ్డం వెళ్ళితీరాలన్న బలవంతం పోతుంది. అది చదివిన ఆదివారం పొద్దున్న మా వాడు అమ్మమ్మ ఫోను తీసుకుని, పెదనాన్నగారికి వీడియో కాల్ చెయ్యమన్నాడు. చేతిలో ఒక కాగితం, దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

ఆయనకిప్పుడు 87. చెవులు మందగించాయి. వీడు గట్టిగా చదివాడు: “తాతయ్యా, మీ కాశీ ప్రయాణం ఎలా జరిగింది?”

“వెళ్ళొచ్చి మూడేళ్ళయిందిరా! ఇన్నాళ్ళకి అడిగే నాథుడొచ్చాడు. కూర్చో, చెప్తాను” అన్నారాయన.

నలభై నిమిషాలు చెప్పారు. రైల్లో పోయిన చెప్పు, తెల్లవారుజామున దశాశ్వమేధ ఘాట్ మెట్లు, అక్కడ ఎదురుపడ్డ తెనాలి ముసలాయన, అన్నీ. మా వాడికి సగం అర్థమై ఉంటుంది. కాగితం ఎప్పుడో కింద పడిపోయింది. మధ్యలో ఫోను చేత్తో మూసి “ఘాట్ అంటే రేవా?” అని నన్నడిగాడు. అవునన్నాను.

చివరికి ఆయన అలిసిపోయి, “సరే నాన్నా, ఉంటాను మరి” అన్నారు.

“ఉండండి తాతయ్యా” అన్నాడు వాడు.